ఎడమ పేజీలో పాఠం, కుడి పేజీలో సాధన

ఇంగ్లిష్ క్రియారూపాలను ఇంత ఒద్దికగా అమర్చిన పుస్తకం ఇంకొకటి నాకు కనబడలేదు. రేమండ్ మర్ఫీ రాసిన 'ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్'ను కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ 1985లో తొలిసారి అచ్చువేసింది. 2019 నాటి అయిదో కూర్పులో 145 యూనిట్లున్నాయి.

ఒక్కో యూనిట్‌కు ఎదురెదురుగా రెండే పేజీలు. ఎడమవైపు వివరణ, కుడివైపు అభ్యాసాలు. సందేహమొస్తే పేజీ తిప్పనక్కర్లేదు, చూపు పక్కకి మళ్లిస్తే చాలు. చెప్పాల్సింది ఒక పేజీలో ఇమడకపోతే మరో యూనిట్ తెరిచారు తప్ప సాగదీయలేదు. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌ను అలాగే విడతలుగా నేర్పారు.

శీర్షికలు చూడండి. కాలం పేరు పక్కనే దాని రూపం 'డూ' క్రియతో ఇస్తారు. అదే 'వర్క్' తీసుకుంటే పాస్ట్‌కీ, పార్టిసిపుల్‌కీ 'వర్క్‌డ్' ఒకటే వచ్చి తేడా మరుగున పడేది. 'డూ, డిడ్, డన్' అన్నప్పుడు మూడూ వేర్వేరని చూడగానే తెలుస్తుంది. ఇంత చిన్న ఎంపికలో ఎంత ముందుచూపో!

మనవాళ్లు తడబడేది ప్రెజెంట్ పర్ఫెక్ట్ దగ్గరే. 'రవి గుంటూరు వెళ్లాడు' అంటాం. ఇంకా అక్కడే ఉన్నా, నిరుడు వెళ్లొచ్చినా మనకు అదే క్రియ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. 'హాజ్ గాన్' అంటే ఇంకా తిరిగి రాలేదు. 'హాజ్ బీన్' అంటే వెళ్లొచ్చేశాడు. 'యెస్టర్‌డే' అని చేర్చామా, ఆ రెండూ చెల్లవు, 'వెంట్' అనాల్సిందే. మర్ఫీ ఇలాంటివాటిని చాలాచోట్ల సూత్రంతో మొదలుపెట్టరు. చిన్న సందర్భం, పక్కన బొమ్మ, ఆ తర్వాతే నియమం. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌నూ, పాస్ట్‌నూ విడివిడిగా నేర్పి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడానికి మళ్లీ వేరే యూనిట్లు కేటాయించారు. నా దృష్టిలో పుస్తకానికి ఆయువుపట్టు అవే.

అభ్యాసాల్లో మాటలన్నీ తేలికైనవే, కష్టమంతా క్రియలోనే ఉంచారు. తప్పొప్పులు గుర్తించే చోట కొన్ని వాక్యాలు మొదటినుంచీ సరైనవే ఉంటాయి. కాబట్టి అన్నిటినీ గుడ్డిగా దిద్దుకుంటూ పోతే కుదరదు, ప్రతిదాన్నీ తూచి చూడాలి. వెనక ఇచ్చిన జవాబుల్లో రెండు రూపాలూ చెల్లేచోట రెండూ ఇచ్చారు.

అమెరికా వెళ్లే మన పిల్లలు చివరి అనుబంధాన్ని కూడా చదవాలి. బ్రిటన్‌లో ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడే కొన్ని చోట్ల అమెరికన్లు మామూలు పాస్ట్‌తోనే సరిపెడతారని అక్కడ పట్టిక వేసి చూపించారు.