చదువు గదిలో ఎలక్ట్రానిక్ సంగీతము

మా నరసరావుపేట ప్రాంతమున మహాశివరాత్రియు, పరీక్షల కాలమును ఇంచుమించు జంటగా వచ్చును. కోటప్పకొండ తిరునాళ్లకు ఊరూర ప్రభలు కట్టుదురు, విద్యుద్దీపములు వెలుగును, మైకులు మ్రోగును. అట్టి దినములలో ఒక సాయంకాలము, ఇంటర్మీడియట్ చదువుచున్న నా పాత శిష్యుని యింటికి పోయితిని. ఉన్నది ఒకటే గది. పొయ్యియు, టెలివిజనును, తల్లియు, చెల్లెలును, అమ్మమ్మయు అందులోనే. బాలుడు ఒక మూల గోడవైపు తిరిగి, ఇయర్‌ఫోనులు చెవులలో పెట్టుకొని, భౌతికశాస్త్రము చదువుచుండెను. పాట వినుచు చదివిన చదువు ఒక చదువా యని కోపించితిని. అతడు ఒక చెవిది తీసి నా కిచ్చి, “ఇందులో పాట లేదు మాస్టారూ. బయటి మాట వినపడితే చదివే మాట పోతుందండీ. అందుకే ఇది పెట్టుకున్నాను” అనెను.

వింటిని. మెత్తని దరువు, పోయి మరల వచ్చు నాలుగైదు స్వరములు, వెనుక, పాత గ్రామఫోను పలకపై ముల్లు గీచునట్టి చిరుసవ్వడి. సాహిత్యము లేదు, తుద లేదు. వినకయే నిందించితిని గనుక విని విమర్శించుట న్యాయమని తలచి, నెల దినములు ఈ జాతి సంగీతమును వెదకి వింటిని.

ఈ యాలోచన క్రొత్తది కాదు. ఫ్రాన్సుదేశపు స్వరకర్త ఎరిక్ సాటీ 1917లోనే, గదిలోని బల్లలు కుర్చీలవలె ఉండి మనస్సును తనవైపు లాగుకొనని సంగీతమును కల్పింపజూచెను. తరువాత ఇంగ్లండువాడగు బ్రయన్ ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ అను సంపుటమును వెలువరించెను. అందు వేర్వేరు పొడవుల టేపుచుట్టలు తిరుగుచుండగా, ఒక్కొక్క స్వరము తన వేళకు తాను వచ్చి, తక్కినవానితో ఎప్పటికప్పుడు క్రొత్తగా కలియును. ఇది మనకు పరాయిది కాదు. తంబుర చేయుపని యిట్టిదే గదా! పాటకుని వెనుక నిలిచి, తన్ను వినుమని కోరక, చెవికి ఆధారము నిచ్చును. బెంగుళూరు రాడెల్ సంస్థవారి ఎలక్ట్రానిక్ తంబురను చదువువేళ పెట్టి చూచితిని. అరగంట గడచునప్పటికి అది మ్రోగుచున్నదనియే మరచితిని. ఈ పనికి అంతకన్న మెప్పు లేదు.

అభినవగుప్తుడు రసాస్వాదమునకు ఏడు విఘ్నములను చెప్పెను. తన సుఖదుఃఖములలో తాను మునిగియుండుట అందొకటి. వాద్యగానములు, అలంకరించిన మండపము మొదలగునవి దానిని తొలగించునని ఆయన వివరణము. నాటకశాలకు చెప్పిన ఈ మాట చదువు గదికిని చెల్లును. ఈ సంగీతము విద్య నీయదు. విఘ్నమును కొంత తొలగించును. అంతకు మించి చెప్పువారిని నమ్మరాదు. మోజార్టు సంగీతము వినిన విద్యార్థులు ఒక విధమగు పరీక్షలో మెరుగైరని 1993లో ఒక చిన్న పరిశోధన వెలువడెను. ఆ ఫలము పది పదునైదు నిమిషములకు మించి నిలువలేదు. తరువాత ప్రయత్నించినవారిలో పలువురికి అదియు దొరకలేదు. అయినను బుద్ధిని పెంచు సంగీతమని అమ్ముట ఆగలేదు. మాటలు గల పాట జ్ఞాపకమునకు అడ్డు తగులుననియు, ఉత్త వాద్యము అంతగా తగులదనియు 1989లో సలామే, బాడ్లీ అను శాస్త్రజ్ఞులు చూపిరి. నా శిష్యుడు ఆ వ్యాసమును చదువలేదు. తన గది మూలలోనే ఆ సత్యమును కనుగొనెను.

ఇక గుణదోషములు. యువకులు ‘లోఫై’ అని వినునది చదువున కనుకూలమే. కాని ఎన్ని వినినను ఒకదానినుండి మరియొకదానిని వేరుచేసి గుర్తింపలేకపోతిని. చదువువేళ అది గుణము. సంగీతముగా అది దోషము. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగు 1982లో సింథసైజరుపై డిస్కో దరువుతో వాయించిన పది రాగములు ఇందుకు విరుద్ధము. మన మోహనకు సాటియగు భూపాలి అందు వినబడగానే నా కలము ఆగిపోయినది. అది చదువునకు పనికిరాదు. చదువు ముగిసిన పిమ్మట తప్పక వినదగినది. అహమ్మదాబాదు జాతీయ డిజైను సంస్థలో 1969లో మూగ్ యంత్రముతో నెలకొల్పిన స్టూడియోలో గీతా సారాభాయి మొదలగువారు చేసిన ప్రయోగములు 2023లో సంపుటముగా వచ్చినవి. ఈ విద్య మన దేశమునకు నిన్నటి దిగుమతి కాదని అవి చాటును. వానిని పుస్తకము ముందుంచుకొని పరధ్యానముగా వినుట సంగీతమునకును, పుస్తకమునకును అపచారమే.

అన్నిటికన్న పెద్ద దోషము సంగీతమున లేదు, వెదకుటలో ఉన్నది. ఒకటి వినుచుండగనే ఫోను మరి పదింటిని చూపును. క్రొత్తదానికై వ్రేలు కదలినంతసేపు పుస్తకము కదలదు. నేనే ఒక రాత్రి గంటసేపు ఇట్లు వెదకి, దిద్దవలసిన కాగితములను దిద్దకయే నిద్రించితిని. కావున విద్యార్థులకు నా సలహా ఒక్కటి: క్రొత్త సంగీతమును ఆదివారమునాడు, చదువు లేని వేళ వెదకుడు, నచ్చినదానిని మనస్సు పెట్టి వినుడు, చదువునకు మాత్రము ఎరిగినదానినే, మాటలు లేనిదానినే, ఒకదానిని ఎన్నుకొని నెలకొక మారు మార్చుడు.

పెద్దలకును ఒక మాట. నిశ్శబ్దము మన ఊళ్లలో వేరు గది గలవారికే దొరకుచున్నది. లేనివాడు యంత్రముతో చెవి చుట్టు గోడ కట్టుకొనుచున్నాడు. రాత్రి పదింటినుండి ఉదయము ఆరింటివరకు మైకులు మ్రోగరాదని 2000 సంవత్సరపు నిబంధనలు సామాన్యముగా విధించినవి. పరీక్షల నెలలోనైనను వానిని పాటింతము. సాయంకాలము బడిగదుల తాళములు తీసి, ఒక దీపము వెలిగించి, పిల్లలను కూర్చుండనిత్తము. మా శిష్యుడు నాడు నన్ను అడిగినది సంగీతమును గూర్చి కాదు. “బడి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందండీ?” అని అడిగెను.