మరపును ఎరిగిన మనిషి

అపస్మారమను పేరులోనే జ్ఞాపకము తొలగుట యను అర్థమున్నది. ఆ అర్థమును మరల ఆలోచింపజేయు గ్రంథము సూజన్ కార్కిన్ 2013లో ప్రకటించిన ‘పర్మనెంట్ ప్రెజెంట్ టెన్స్’. మూర్ఛలు మాన్పుటకు 1953లో విలియం స్కోవిల్ హెన్రీ మొలైసన్ మెదడున ఇరుప్రక్కల హిప్పోక్యాంపసు భాగములను తొలగించెను. మూర్ఛలు తగ్గినవి, క్రొత్త సంగతులు మాత్రము నిలువలేదు. అద్దములో చూచుచు నక్షత్రమును గీయుటలో దినదినము నేర్పు పెరిగినను, మునుపు గీసినట్లు అతనికి తెలియదు. అయినను తన జ్ఞాపకశక్తి చెడినదని అతడెరుగును. ఈ భేదమును విశదపరచుట గ్రంథమునకు గొప్ప గుణము.

కాని శస్త్రచికిత్స కలిగించిన ఈ నష్టమును మూర్ఛరోగులందరికి అంటగట్టరాదు. రోగి చెప్పుకొను మరపునకును, పరీక్షలో తేలు మరపునకును తరచు పొంతన యుండదు. దిగులు ఆ ఫిర్యాదును పెంచును. ఒక్కని చరిత్ర ఈ సంగతిని చెప్పజాలదు. కనుక తరగతిలో మరచితినను బాలుని మందమతి యనరాదు; లోపము లేదను బాలుని విచారింపక విడువరాదు.