పొట్టు బయటికొస్తేనే లోతు

బండి గీర ఊగుతూ నడిస్తే చూసినవాళ్లు ముందు ఆకులను అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు నడిమి దిమ్మెలో ఉంటుంది. అడుగు పైచిలుకు పొడవున్న నల్లతుమ్మ దిమ్మెను ఈ మొహం నుంచి ఆ మొహం దాకా తొలవాలి. ఆ బెజ్జం కాస్త వాలిందంటే అందులో దిగ్గొట్టిన ఇనుప గొట్టం వాలుతుంది, ఇరుసు మీద గీర వంకరగా తిరుగుతుంది. ఆ వంకరను రోజంతా మెడ మీద మోసేది ఎద్దులు. మా ఊరి వడ్ల తాత గీర చేసేటప్పుడు ఆకులు చెక్కుతూ ఊరి ముచ్చట్లన్నీ చెప్పేవాడు. దిమ్మె తొలిచే పూట మాత్రం నోరు విప్పేవాడు కాదు.

మాది ఆలేరు వైపు. ఈ చుట్టుపక్కలంతా మెట్ట నేల. జొన్న, కంది, ఆముదం పండే చేలు. 2016లో జిల్లాలు విడగొట్టి యాదాద్రి భువనగిరిలో కలిపేదాకా ఇది నల్లగొండ జిల్లా. ఇక్కడి వడ్రంగికి రెండు వైపులా పని ఉండేది. రైతుకు నాగలి, గొర్రు, బండి. నేతగానికి మగ్గం, ఆసు. చిటికి చీరకు నూలును మేకుల వరుస మీద ఒక్కో పోగూ చేత్తో తిప్పి పోసే పనినే ఆసు అంటారు. ఆ పనికి యంత్రాన్ని 1999లో తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశంది ఆలేరు మండలంలోని శారాజీపేటే. నాగలికైనా మగ్గానికైనా చెక్కకు చెక్కను కలపాలంటే బెజ్జం వేయాలి. పైపైన వేసే బెజ్జాలు ఎవరైనా వేస్తారు. జానెడు దాటిన బెజ్జం వేరే విద్య.

ఆ విద్యకు పాత పనిముట్టు కమాను బర్మా. కదురులాంటి కర్ర, దాని కింద ఇనుప మొన, పైన అరచేయి ఆనించే చిప్ప, కర్రకు ఒక మెలిక చుట్టిన తాడు, ఆ తాడును బిగించిన కమాను. కమానును ముందుకూ వెనక్కూ లాగుతుంటే కర్ర ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతుంది. అందుకే మొనను బల్లెపు ఆకులా రెండు వైపులా అంచు తీసి కొట్టేవారు. అది చెక్కను కొయ్యదు, గీకుతుంది. అంగుళం రెండంగుళాల దాకా ఇంతకన్నా హాయైన పనిముట్టు లేదు. ఆ పైన మొన మొరాయిస్తుంది. గీకిన పొట్టు పైకి రావడానికి దానికి దారి లేదు. బెజ్జం అడుగున పొట్టు పేరుకుని, మొన ఆ పొట్టులోనే తిరుగుతూ వేడెక్కుతుంది. కొత్తగా నేర్చుకునేవాడు ఇంకా గట్టిగా నొక్కుతాడు. తాత నా చెయ్యి పట్టి ఆపి ఒకసారి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "నూకకు బిడ్డా. అదే పోతది. పొట్టు బయటికొస్తున్నదా లేదా, అది సూడు."

కర్రలోంచి వచ్చిన పొట్టు వదులుగా ఉంటుంది. గట్టి చెక్కగా ఉన్నప్పుడు ఆక్రమించిన చోటు కన్నా ఎన్నో రెట్లు చోటు అడుగుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఆ పొట్టు ప్రయాణించాల్సిన దూరమూ పెరుగుతుంది. పాతకాలపు వడ్లవాళ్లు దీనికి వెతుక్కున్న ఉపాయాలన్నీ ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరిగినవే. బర్మాతో సన్నటి దారి తీసి, గోరుఉలితో రెండు మొహాల నుంచీ వెడల్పు చేసుకుంటూ పోవడం ఒకటి. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన చువ్వను ఆ దారిలో దింపడం ఇంకొకటి. చువ్వ కాల్చిన చెక్క బూడిద అవుతుంది, పొట్టు బాధే ఉండదు, లోపలి గోడ కూడా నున్నబడుతుంది. కానీ కాలిన చోట చెక్క పెళుసెక్కుతుంది. నా లెక్కలో గోరుఉలి పనే మేలు, ఎంత ఆలస్యమైనా సరే.

పొట్టుకు దారి చూపించిన పనిముట్టు మెలిక తిరిగిన ఆగర్. అమెరికాలో కనెక్టికట్‌కు చెందిన ఎజ్రా లొమ్మెడ్యూ 1809లో మెలిక ఆగర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అదే రాష్ట్రపు రస్సెల్ జెన్నింగ్స్ 1855లో జంట మెలికల బిట్‌ను తీర్చిదిద్దాడు. ఆ శతాబ్దం చివరి పాదంలో ఓహాయో నుంచి ఇర్విన్ బిట్ వచ్చింది. దానికి నడుమ గట్టి కడ్డీ, కడ్డీ చుట్టూ ఒకే మెలిక. పేర్లు ఎన్ని మారినా సూత్రం ఒక్కటే: కోసే అంచు కింద ఉంటుంది, మెలిక పొట్టును మెట్లెక్కించినట్టు పైకి మోస్తుంది. మన వైపు ఈ పనిముట్టును జనం దగ్గరగా చూసింది రైలు పట్టాల దగ్గర. సికింద్రాబాద్‌కు 1874లో చేరిన నిజాం రైలు మార్గం 1889కల్లా బెజవాడ దాకా వెళ్లింది. ఆలేరు, పెంబర్తి, జనగామ స్టేషన్లు ఆ దారిలోవే. కాంక్రీటు స్లీపర్లు రాకముందు పట్టాలను మోసినవాటిలో చెక్క స్లీపర్లు ఎన్నో. బ్రాడ్‌గేజ్ చెక్క స్లీపర్ 2,750 మిల్లీమీటర్ల పొడవు, 250 వెడల్పు, 130 మందం. పట్టాను పట్టి ఉంచే మేకు దిగే ముందు అక్కడ ఆగర్‌తో బెజ్జం వేసేవారు. వేయకుండా మేకు కొడితే స్లీపర్ పగులుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ రోజు లోతు బెజ్జం కోసం పొడవాటి ఆగర్ కొనేవాడు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ దుకాణం ముందు నిలబడ్డా చూసేది పొడవు, మందం, ధర. ఆ మూడింటికన్నా ముందు చూడాల్సింది బిట్ మొన. అక్కడ మూడు అవయవాలు ఉంటాయి. నట్టనడుమ చిన్న మర. దాని పక్కన అంచును ముందే గీసే గోళ్లు. ఆ లోపల చెక్కను పొరలు పొరలుగా లేపే అలుగు. మర బిట్‌ను తనంతట తానే లోపలికి లాగుతుంది. గోళ్లు బెజ్జం మొహాన్ని పేలికలు లేవకుండా శుభ్రంగా గీస్తాయి. తలుపు చెక్కకో బల్లకో బయటికి కనిపించే బెజ్జానికి గోళ్లున్న బిట్ కావాలి. అడుగు లోతుకు, రెండడుగుల లోతుకు పోయే పనికి గోళ్లు అడ్డమే అవుతాయి. ఆ పని కోసం పడవలు కట్టేవాళ్లు వాడుకున్నది షిప్ ఆగర్. దానికి గోళ్లు ఉండవు, ఒకటే అలుగు, ఒకటే వెడల్పైన మెలిక. మొహం దగ్గర కాస్త గరుకుగా కోస్తుంది గానీ లోపల పొట్టుకు దారి విశాలంగా ఉంటుంది. పాత ఇంటి దూలాల్లో, మందపాటి దిమ్మెల్లో లోతుకు పోవాల్సినవారు కొనాల్సింది ఇదే.

షిప్ ఆగర్‌లో మళ్లీ రెండు రకాలు, మర ఉన్నదీ లేనిదీ. చాలామంది మర లేనిదాన్ని చూసి విరిగిపోయిన సరుకు అనుకుంటారు. చెక్క నారకు అడ్డంగా తొలిచేటప్పుడు మర ఉండాలి, అది దారి పట్టుకుని నడిపిస్తుంది. నార వెంట, అంటే మొద్దు కోసిన మొహం నుంచి నిలువుగా లోపలికి తొలిచేటప్పుడు అదే మర శత్రువు. నార ఎటు వంగితే మర అటు లాక్కుపోతుంది. గీర దిమ్మెను తొలిచేది సరిగ్గా ఈ దిక్కులోనే. లండన్ లాంటి నగరాలు పంతొమ్మిదో శతాబ్దం మొదలయ్యేదాకా ఎల్మ్ మొద్దులను నిలువునా తొలిచి నీటి గొట్టాలుగా వాడుకున్నాయి. ఆ మొద్దులను తొలిచే పనిముట్లు గరిటె ఆకారంలో ఉండేవి. మర ఉంటే మొన మొద్దు మధ్యలోనే పక్క నుంచి బయటికి పొడుచుకొస్తుంది.

దగ్గరి ఉదాహరణ నాదస్వరం. రెండున్నర అడుగులు దాటిన ఆ గొట్టాన్ని నార వెంటే తొలవాలి, పైగా లోపలి దారి పై నుంచి కిందికి క్రమంగా వెడల్పవ్వాలి. తమిళనాడులోని నరసింగపేట్టై పనివాళ్లు దీన్ని ఆచ్చా చెక్కతో చేస్తారు. మన అడవుల్లో దాన్ని నారయేపి అంటారు. కొత్తగా నరికిన కర్ర వాళ్లు ముట్టుకోరు, పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చిన, ఏళ్ల తరబడి ఎండిన చెక్కనే వెతుకుతారు. కరవది గ్రామంలో పుట్టి తెలుగువాళ్ల నాదస్వరాన్ని దేశమంతా వినిపించిన షేక్ చినమౌలానా చేతిలో పలికింది కూడా ఇలా నిలువునా తొలిచిన చెక్క గొట్టమే. సంగీతం తెలిసినవాళ్లు శ్రుతిని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ గొట్టం చూస్తే ముందు దాన్ని వంకర పోకుండా తొలిచిన చెయ్యి గుర్తొస్తుంది.

ఎండిన చెక్క మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పచ్చి తుమ్మ వెన్నలా తెగుతుంది, అందుకని చాలామంది పచ్చిగా ఉన్నప్పుడే తొలుస్తారు. చెక్క అన్ని దిక్కులా ఒకేలా ఎండదు. వలయాల వెంట ఎక్కువ కుంచించుకుంటుంది, నడుమ నుంచి బెరడు వైపు తక్కువ. గుండ్రంగా వేసిన బెజ్జం ఎండాక కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. గొట్టమో కమ్మీయో బిగుతుగా దిగాల్సిన చోట ఆ కోడిగుడ్డు కొంప ముంచుతుంది. తొందరైతే పచ్చిగా సన్నటి దారి తీసి పెట్టుకుని, ఎండాక అసలు కొలతకు తొలుచుకోవాలి.

వంకర సంగతి లెక్కలో చూస్తే భయం వేస్తుంది. మొదట్లో చెయ్యి ఒక్క డిగ్రీ వాలితే 300 మిల్లీమీటర్ల లోతుకు వెళ్లేసరికి బెజ్జం 5 మిల్లీమీటర్ల పైన పక్కకు పోతుంది. 450 లోతుకు దాదాపు 8. అందుకే పెద్దలు ఒక్క మొహం నుంచే ఆ చివరకు పోయేవాళ్లు కాదు. రెండు మొహాల మీదా గీతలు పెట్టి, చెరి సగం తొలిచి, నడుమ కలిపేవాళ్లు. తప్పు వచ్చినా సగమే వస్తుంది. మొహం చిట్లడం కూడా ఉండదు. పక్కన ఒక మనిషి కూర్చుని బిట్ నిట్టనిలువుగా ఉందో లేదో ఒకవైపు నుంచి చూస్తుండాలి, తొలిచేవాడు ఇంకోవైపు చూసుకుంటాడు. మొదలుపెట్టడానికి ఎప్పుడూ పొట్టి బిట్ వాడండి. రెండు మూడంగుళాలు అది నిటారుగా తీసిన దారిలో పొడవాటి ఆగర్‌ను దింపితే పొడవాటిది తడబడదు. మొదటి నుంచే అడుగున్నర ఆగర్ పెడితే తోక ఊగుతుంది, మొన ఊగుతుంది.

కరెంటు డ్రిల్లుతో ఈ పని చేసేవాళ్లకు ఇంకో మాట. పొడవాటి ఆగర్‌కు వేగం విషం. నిమిషానికి నాలుగైదు వందల తిరుగుళ్లు చాలు, మందం పెరిగేకొద్దీ ఇంకా తగ్గాలి. ఒకసారి పాత దూలంలో వేగంగా తొలుస్తుంటే లోపల మేకు తగిలి బిట్ ఆగిపోయింది, డ్రిల్లు ఆగలేదు. మణికట్టు తిరిగిపోయి నెల రోజులు పలుపు ముడి కూడా వేయలేకపోయాను. అప్పటి నుంచి పాత చెక్క మీద ముందు అయస్కాంతం తిప్పుతాను, పక్క పిడి లేని డ్రిల్లుకు పొడవాటి ఆగర్ తగిలించను. ప్రతి రెండంగుళాలకూ బిట్‌ను పూర్తిగా బయటికి లాగి పొట్టు దులపాలి. చేత్తో తిప్పే బ్రేస్ దొరికితే అదే మంచిది. పొట్టు ఇరుకుతున్నప్పుడు చేతికి తెలుస్తుంది, మోటారుకు తెలియదు. పనికి ముందు మెలికకు కాస్త ఆముదం పూయండి. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి ఇరుసుకు కందెన వేసిన నేల ఇది. ఆ నూనె చెక్కలో ఎంత జారుడునిస్తుందో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

కొత్త బిట్‌లకన్నా పాతవి దొరికితే వదలొద్దు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో తుప్పు కుప్పల మధ్య పాత ఆగర్లు కనిపిస్తుంటాయి. వాటి తోక మీద 8 అని ఉంటే అర అంగుళం అని అర్థం, అంగుళాన్ని పదహారు భాగాలు చేసి ఎన్ని భాగాలో ఆ అంకె వేస్తారు. 12 అంటే ముప్పావు అంగుళం. తుప్పు చూసి భయపడకండి, మెలిక నిటారుగా ఉందా, మర కొస విరగకుండా ఉందా అన్నదే చూడండి. రాతి పలక మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది.

పదును పెట్టేటప్పుడు జరిగే నష్టమే ఎక్కువ. గోళ్లను లోపలి వైపు మాత్రమే ఆకురాయితో రాయాలి. బయటి వైపు రాస్తే గోరు గీసే వలయం మెలిక కన్నా చిన్నదవుతుంది, ఆ తర్వాత ఆ బిట్ ప్రతి బెజ్జంలోనూ ఇరుక్కుంటుంది. అలుగును తోక వైపు మొహం మీద రాయాలి, కింది మొహం ముట్టుకోకూడదు. మరను అసలు ముట్టుకోకూడదు. సన్నటి ఆకురాయి, మూడు నాలుగు తేలిక రాపిళ్లు, అంతే. రెండు గోళ్లూ సమానంగా ఉండాలి, ఒకటి పొట్టిదైతే రెండోదే మొత్తం భారం మోస్తుంది.

ఆలేరు వైపు ఇప్పుడు పొలాలకు ట్రాక్టర్లు వెళ్తున్నాయి, మిగిలిన బండ్లకు రబ్బరు టైర్లు. గీర దిమ్మె తొలిచే పని దాదాపు పోయింది. లోతు బెజ్జం మాత్రం పోలేదు. పాత భవంతి విప్పి తెచ్చిన దూలాన్ని కొత్త ఇంట్లో స్తంభంగా నిలబెట్టి లోపలి నుంచి వైరు తీయాలన్నా, ఉయ్యాల బల్లకు ఇనుప కడ్డీ దించాలన్నా అదే బెజ్జం వేయాలి. ఇంట్లో అటక మీద తాతల నాటి బర్మాలూ ఆగర్లూ ఉన్నవాళ్లు వాటిని తుక్కు కింద అమ్మకండి. ఊళ్లో ఇంకా పని చేస్తున్న వడ్లాయన దగ్గరికి తీసుకెళ్లి, ఒక తుమ్మ దిమ్మె ముందు పెట్టి, ఆయన తొలుస్తుంటే పక్కన కూర్చుని బిట్ నిటారుగా ఉందో లేదో చూసే మనిషి మీరే అవ్వండి.