వెదురాకు నేర్పిన పుస్తకము

చొప్పదండిలో మా యింటి అరుగుపైఁ గూర్చుండి, గురువు లేక, పుస్తకము ముందుంచుకొని చీనాదేశపు కుంచెవిద్య నభ్యసించుచున్న నాకు మొదట ప్రీతిపాత్రమైనది మసి నూఱుటయే. సానపై గంధము తీసినట్లు, రాతిపలకపై నాలుగు చుక్కల నీరు వేసి మసికడ్డీని మెల్లమెల్లగాఁ ద్రిప్పుచుండఁగా చేతి తొందర తానే అణఁగిపోవును.

1679లో తొలిభాగము వెలువడిన చీనా గ్రంథము 'ఆవగింజ తోట', 1701 నాటి భాగమున వెదురును రెమ్మరెమ్మగా విడఁదీసి చూపి తరతరముల వారికి గురువైనది. కాండమునకు కుంచె నదిమి, పైకి నడిపి, కణుపుకడ క్షణమాగి ఎత్తవలెను. ఆకునకైతే అదిమి విడిచినఁ జాలును, మొన తానే సన్నగిల్లును. పీల్చు కాగితముపైఁ బడిన గీఁతను దిద్దరాదు. దిద్దినచో మసి ప్రాఁకి బురదయగును. పుస్తకము చెప్పలేనిది నీటిపాలొక్కటే. అది వ్రేళ్లకే తెలియవలెను.

ఈ విద్య మనకుఁ బొత్తుగా పరాయిది కాదు. 1903లో కలకత్తాకు వచ్చిన జపాను చిత్రకారుఁడు యొకొయామ తైకాన్ పనితీరును జూచి అవనీంద్రనాథ ఠాకూరు నీటిపూఁత పద్ధతి నలవఱచుకొనెను. ఆయన బాణీ ప్రమోదకుమార చటర్జీ మూలమున బందరు ఆంధ్ర జాతీయ కళాశాలను జేరి అడివి బాపిరాజు చేతి కబ్బెను.

నిన్న సాయంకాలము, ఎన్నియో కాగితములు చెడిన పిమ్మట, నా వెదురాకొకటి గాలికి వంగినట్లు కనఁబడినది. దానిని గోడకు అంటించితిని.