పెడల్ కింది విద్య

బ్రేక్ పెడల్ పైభాగాన, డాష్‌బోర్డు కింది చీకట్లో బొటనవేలంత స్విచ్ ఒకటి ఉంటుంది. పెడల్ తొక్కితే వెనక ఎర్రదీపం వెలిగించడమే ఒకప్పుడు దాని ఉద్యోగం. ఇప్పుడు క్రూజ్ కంట్రోల్ వదలాలన్నా, ఆటోమేటిక్ గేరు పార్కింగ్ నుంచి కదలాలన్నా, బటన్ నొక్కితే బండి స్టార్ట్ కావాలన్నా ఇది సాక్ష్యం చెప్పాల్సిందే. అందుకే చాలా కార్లలో దాని లోపల రెండు సర్క్యూట్లు పెట్టారు. తొక్కగానే ఒకటి కలుస్తుంది, రెండోది తెగుతుంది. ఇద్దరు సాక్షుల మాటా పొసగకపోతే కంప్యూటర్ పి 0504 అని ఫిర్యాదు రాసుకుంటుంది. దాన్నే తీర్పనుకునేవాడు సామాను మార్చేస్తాడు. మంచి వైరింగ్ మేస్త్రి అక్కడి నుంచే విచారణ మొదలుపెడతాడు. నా ఓటు ఎప్పుడూ ఆ మేస్త్రికే.

ఆ విచారణ చూసి తీరాల్సిందే. స్కానర్ తీయకముందే మేస్త్రి బండి వెనక ఒకరిని నిలబెట్టి పెడల్ తొక్కుతాడు. దీపాలు అసలు వెలగకపోతే ఫ్యూజు, బల్బులు, ఎర్తు. వెలిగి ఆరకపోతే కాళ్ల దగ్గరి మ్యాటు. అక్కడ పెళుసు ప్లాస్టిక్ ముక్కలు నాలుగు రాలి ఉన్నాయంటే సగం కేసు తేలినట్టే. స్విచ్ మొనకు ఎదురుగా పెడల్ మీద ఉండే స్టాపర్ బిళ్ళ ఏళ్ల వేడికి పొడైపోయి, మొన ఆ బిళ్ళ ఉండాల్సిన బెజ్జంలోకి దూరిపోయింది. పెడల్ పైకొచ్చిన సంగతే స్విచ్‌కు తెలియడం లేదు, దాని దోషమేమీ లేదు. పాత హోండా, నిస్సాన్ బళ్లలో ఇది తెలిసిన జబ్బే. కొత్త బిళ్ళ అదిమితే సరి. బిళ్ళ బాగుందా, అప్పుడు చూడాలి పనితనం! బల్బులు తీసి చూస్తే స్విచ్ దాటాక మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, బల్బులు పెడితే దీపం మాత్రం గుడ్డిగా వెలుగుతుంది. మీటరు దాదాపు కరెంటు లాగదు కాబట్టి, లోడు లేనప్పుడు కాలిన కాంటాక్టు కూడా దాని ముందు పెద్దమనిషిలా నిలబడుతుంది. 21 వాట్ల బల్బులు రెండు కలిసి మూడున్నర ఆంపియర్లు లాగేసరికి బండారం బయటపడుతుంది. అందుకే మేస్త్రి పెడల్ తొక్కించి ఉంచి, స్విచ్ రెండు కాళ్ల మధ్య మీటరు పెడతాడు. సున్నా దగ్గర ఉండాల్సినచోట వోల్టు, రెండు వోల్టులు కనపడితే దొంగ దొరికాడు. అసలు ఘనత ఇంకోటుంది. వెనక రెండు ఫిలమెంట్ల బల్బులో ఒకటి తెగి రెండోదాని మీద పడితే, పార్కింగ్ దీపం కరెంటు బ్రేక్ వైరులోకి ఎదురు పారుతుంది. తొక్కని పెడల్ తొక్కినట్టు లెక్క. ముందున్న స్విచ్ మీద ఫిర్యాదు వస్తే, వెనక డిక్కీ తెరిచి నేరస్థుణ్ణి పట్టేవాడికి దండం పెట్టాలి.

కొత్త బళ్లలో అయస్కాంతం కదలికను పసిగట్టే హాల్ సెన్సర్లొచ్చాయి (మూలం 1879 నాటిదేలెండి), ఇంకా ఈ పాత విద్యెందుకంటారు కొందరు. నిజమే, ఆ సిగ్నల్ వైరుకు టెస్ట్ ల్యాంప్ తగిలిస్తే కంప్యూటరుకే ముప్పు. అయితే సప్లై వస్తోందా, ఎర్తు గట్టిదేనా, పెడల్ కదిలితే సిగ్నల్ మారుతోందా అన్న ప్రశ్నలు అక్కడా ఇవే. స్విచ్ చవకే కదా, మారిస్తే పోలా అనేది ఇంకో వాదన. మార్చడం మాత్రం వచ్చా? కొన్నింటిని పెడల్ తొక్కిపట్టి బిగించాలి, కొన్నింటిని తొక్కకుండా. మరీ ముందుకు బిగిస్తే పెడల్ పూర్తిగా వెనక్కి రాక బ్రేకులు పట్టేస్తాయి, మరీ వెనక్కుంటే దీపాలు ఆరవు.

ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే విజయవాడ ఆటోనగర్ దగ్గర్నుంచి ఊరి చివరి షెడ్డు దాకా ఈ విచారణ బతికింది చేతుల మీద. ఇప్పుడో? స్కానర్ పెట్టడం, కోడ్ చెరిపేయడం, వారానికి డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం మళ్లీ వెలిగితే డూప్లికేట్ స్విచ్ బిగించడం. అదీ కుదరకపోతే స్విచ్ వైర్లు రెండూ కలిపి టేపు చుట్టేయడం! దీన్ని రిపేరనడానికి నోరెలా వస్తుంది? ఎప్పుడూ వెలిగే బ్రేక్ దీపం ఎవరికీ ఏమీ చెప్పదు. రాత్రిపూట హైదరాబాద్ రోడ్డు మీద వెనకొచ్చే లారీకి మీరు ఆగుతున్నారని ఎలా తెలియాలి? బండి ఇచ్చేటప్పుడు పాత స్విచ్ చేతికిమ్మనండి, దాని మీద ఎన్ని వోల్టులు పడ్డాయో అడగండి. అంకె చెప్పగలిగినవాడికి అడిగినంత మజూరీ ఇవ్వండి, బేరమాడకండి.