టిక్ టిక్ వెనక మేస్త్రీ చెయ్యి

వాలులో తొక్కడం ఆపగానే వెనక చక్రంలోంచి వచ్చే ఆ టిక్ టిక్ నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. అది పుట్టే చోటును మొదట మా వీధి చివర సైకిల్ షాపులో చూశాను. మేస్త్రీ ఫ్రీవీలు మూత మీద పంచ్ ఆనించి సుత్తితో కుడివైపుకు తట్టాడు. మామూలు మరలు ఎడమకు ఊడితే ఇది కుడికి ఊడుతుంది. లోపల ఆవగింజలకన్నా కాస్త పెద్ద ఉక్కు గోళీలు, రెండు చిన్న ఉక్కు నాలుకలు, వాటిని ఎత్తిపట్టే సన్నటి స్ప్రింగు. తొక్కితే బయటి చక్రం లోపలి పళ్లు నాలుకలను పట్టుకుని నెడతాయి. ఆపితే నాలుకలు పళ్లమీంచి జారి టిక్కుమంటాయి. కిరసనాయిలుతో కడిగాక ఆయన నాలుకల మీద పల్చటి నూనె చుక్కలే వేశాడు. అక్కడ గ్రీజు గట్టిపడితే నాలుక లేవదు, పెడలు ఉత్తినే తిరుగుతుంది.

ఊళ్లోకి సైకిల్ ఫీట్లవాళ్లొస్తే జనం వాళ్లు ట్యూబ్‌లైట్లు పగలగొట్టేదాకా ఎదురుచూసేవారు. నాకైతే పడిపోకుండా అంత మెల్లగా, రోజుల తరబడి, తిండీ స్నానమూ సైకిలు మీదే కానిస్తూ గుండ్రంగా తిరగడమే అసలు విద్య. ఫ్రీవీలు ఉంది గనకే ఫీట్లవాడు పెడల్ని వెనక్కి తిప్పి కావలసిన చోట కాలు ఆనించుకోగలడు. వెనక్కి తొక్కి సైకిలును వెనక్కి నడపాలంటే మాత్రం అదే అడ్డు. అందుకే ఆర్టిస్టిక్ సైక్లింగ్ పోటీల సైకిళ్లకు ఫ్రీవీలే ఉండదు. బీఎంఎక్స్ ఫ్లాట్‌లాండ్ ఆటగాళ్లు చాలామంది ఫ్రీకోస్టర్ హబ్బు వాడతారు, దాంతో సైకిలు వెనక్కి దొర్లినా పెడళ్లు కదలవు.

మూత బిగించాక మేస్త్రీ చక్రాన్ని ఒక్కసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, అది ఆగేదాకా విన్నాడు.