రెండు లైన్ల బ్యాచ్ ఫైలు

బ్లెండర్‌లో యానిమేషన్ రెండర్‌కి పెట్టి పడుకునేవాళ్లు కోరేది ఒక్కటే: చివరి ఫ్రేమ్ అయిపోగానే కంప్యూటర్ తనంతట తానే ఆగిపోవాలి. విండోస్‌లో దీనికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో రెండు లైన్లు రాసి బ్యాచ్ ఫైలుగా సేవ్ చేసుకుంటే చాలు. మొదటి లైను ‘స్టార్ట్ స్లాష్ వెయిట్’తో బ్లెండర్‌ని నడుపుతుంది. రెండో లైను ‘షట్‌డౌన్ స్లాష్ ఎస్ స్లాష్ టి 60’.

మొదటి లైన్లో ‘వెయిట్’ తర్వాత ఖాళీ కొటేషన్ గుర్తుల జత ఒకటి పెట్టాలి. స్టార్ట్ కమాండ్ కొటేషన్లలో మొదట కనబడినదాన్ని విండో పేరనుకుంటుంది. ఖాళీ జత లేకపోతే బ్లెండర్ ఉన్న ఫోల్డర్ దారినే పేరుగా తీసుకుంటుంది, ప్రోగ్రాం మొదలే కాదు.

అసలు పనితనం ఆ ఎదురుచూడడంలో ఉంది. మొరటుగా రాస్తే సెకనుకోసారి ‘అయిందా, అయిందా’ అని అడిగే ప్రోగ్రాం తయారవుతుంది. ఇక్కడ అలా కాదు. నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌కీ కెర్నెల్ ఒక ఆబ్జెక్ట్ ఉంచుతుంది. కమాండ్ విండో దాని హ్యాండిల్ పట్టుకుని, ‘ఇది ముగిసేదాకా నన్ను లేపకు’ అని కెర్నెల్‌కి చెప్పి పడుకుంటుంది, నైట్ బస్సులో కండక్టరుకి ఊరి పేరు చెప్పి పడుకున్న ప్రయాణికుడిలా. ఆ ప్రాసెస్‌లో చివరి థ్రెడ్ ముగిసిన క్షణాన కెర్నెల్ ఆబ్జెక్ట్ స్థితి మార్చి లేపుతుంది. అంతవరకూ ఆ ఎదురుచూపుకి ప్రాసెసర్ సమయం ఖర్చు కాదు.

అయితే అది చూసేది ప్రాసెస్‌ని, విండోని కాదు. క్లోజ్ నొక్కినా సిస్టమ్ ట్రేలో దాక్కునే ప్రోగ్రాం దాని లెక్కలో ఇంకా నడుస్తున్నట్టే. కొన్ని లాంచర్లు అసలు ప్రోగ్రాంని మొదలుపెట్టి తాము తప్పుకుంటాయి. అప్పుడు పని సగంలో ఉండగానే రెండో లైను అందుకుంటుంది. రెండర్ మధ్యలో కుప్పకూలినా ప్రాసెస్ ముగిసినట్టే కదా! ఆ తేడా తెలియడానికే ప్రతి ప్రోగ్రాం పోతూ పోతూ ఒక అంకె వదిలి వెళ్తుంది. సాధారణంగా సున్నా అంటే సవ్యంగా ముగిసిందని. నన్నడిగితే పని చెడినా కంప్యూటర్ ఆగడమే మేలు. ఏం జరిగిందో లాగ్ ఫైల్లో పొద్దున్నే చూసుకోవచ్చు.

ఇక రెండో లైను. 60 అంటే సెకన్లు. ఈలోగా మనసు మారితే ‘షట్‌డౌన్ స్లాష్ ఎ’ కొట్టి ఆపేయొచ్చు. ఈ గడువు 31,53,60,000 సెకన్ల దాకా, అంటే పదేళ్ల దాకా పెట్టుకోవచ్చట, ఎవరికి పనికొస్తుందో! కానీ గడువు సున్నా కంటే ఎక్కువైతే ప్రోగ్రాంలను బలవంతంగా మూసే స్విచ్ కూడా దానంతటదే కలుస్తుంది. పక్కన సేవ్ చేయని వర్డ్ ఫైలుంటే అది పోయినట్టే.

గడువు తీరాక ప్రోగ్రాంలు మూతపడతాయి, సర్వీసులు ఆగుతాయి, మెమరీలో మిగిలిన రాతలు డిస్క్‌కి చేరతాయి. మిగిలింది కరెంటు. విండోస్ 95 రోజుల్లో చాలా కంప్యూటర్లు ఇక్కడే చేతులెత్తేసేవి: ‘ఇక ఆపుకోవచ్చు’ అని నారింజ రంగు అక్షరాలు చూపి, మనం లేచి వెళ్లి స్విచ్ నొక్కేదాకా ఉండేవి. పాత ఏటీ పవర్ సప్లైలో స్విచ్ నేరుగా మెయిన్స్‌నే తెంపేది, సాఫ్ట్‌వేర్‌కి అందేది కాదు.

1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ డిజైన్‌లో ఆకుపచ్చ తీగ ఒకటి ఉంది. మదర్‌బోర్డు దాన్ని సున్నా వోల్టుల దగ్గర పట్టి ఉంచినంతసేపే సప్లై నడుస్తుంది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో విడుదల చేసిన ఏసీపీఐ, ఆ పట్టు వదిలించే పద్ధతిని ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇచ్చింది. బోర్డు తయారీదారు పట్టికలో రాసిపెట్టిన విలువను విండోస్ చిప్‌సెట్ రిజిస్టర్‌లోని మూడు బిట్లలో రాస్తుంది, పక్కనున్న బిట్‌ని ఒకటి చేస్తుంది. చిప్‌సెట్ నిద్ర సంకేతం ఇస్తుంది, బోర్డు ఆకుపచ్చ తీగను వదిలేస్తుంది, ఆ తీగ వోల్టేజి పైకి లేస్తుంది, 12, 5, 3.3 వోల్టుల లైన్లన్నీ పడిపోతాయి.

ఊదా రంగు తీగలో 5 వోల్టులు మాత్రం ఉంటాయి. మళ్లీ పవర్ బటన్ నొక్కితే గుర్తుపట్టే సర్క్యూట్‌కి అవి కావాలి. అందుకే బోర్డు మీద చెయ్యేసే ముందు ప్లగ్గు పీకమంటారు రిపేరు తెలిసినవాళ్లు.